అలసిన మిత్రులకు మన్యం విడిది
విమానం దిగిన పూటకే అడవిలో బస: అతిథికి రెండు రాత్రుల సుఖం, ఆతిథ్యమిచ్చే ఊరికి మిగిలేదేమిటి?

(మా చింతూరు విలేకరి)

చింతూరు: పొద్దున హైదరాబాదులో కాఫీ తాగిన మనిషి పొద్దుగూకేసరికి మారేడుమిల్లి అడవిలో నెగడు ముందు కూర్చుని బొంగు కోడి తింటున్నాడు. పాతికేళ్ళ కిందట ఈ మాట చెబితే మన్యంలో ఎవరూ నమ్మి వుండేవారు కాదు. ఈనాడు ఇది సెలవు రోజుల్లో మామూలు ముచ్చట అయిపోయింది.

దీనికి ఒక కారణం మధురపూడి విమానాశ్రయం. రాజమండ్రికి కూతవేటు దూరంలో, కోరుకొండ మండలంలో వున్న ఈ విమానాశ్రయం బ్రిటిషువారి కాలం నాటిది. 1985 నుంచి 1994 వరకు ఇక్కడికి వాయుదూత్ చిన్న విమానాలు నడిచాయి. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఎయిర్‌పోర్టులో సందడి లేదు. 2012లో కొత్త భవనం వచ్చింది. ఆపైన రన్‌వేను పొడిగించారు. ఇప్పుడు హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరాల నుంచి విమానాలు వచ్చిపోతున్నాయి. విమానం దిగి కారెక్కితే గోకవరం, రంపచోడవరం మీదుగా రెండు, రెండున్నర గంటల్లో మారేడుమిల్లి చేరవచ్చు. అక్కడ నుంచి ఘాట్ రోడ్డు మీద కొండలు దిగితే మన చింతూరు.

విమానాశ్రయాల పక్కనే ఖరీదైన హోటళ్ళు కట్టి, మిత్రబృందాలను రెండు రోజులు వుంచుకుని పంపే వ్యాపారం పెద్ద నగరాల్లో ఎప్పటినుంచో వుంది. మన ప్రాంతంలో ఆ స్థానాన్ని అడవి ఆక్రమించింది. మారేడుమిల్లిలో అటవీశాఖవారి అతిథి గృహాలు, పర్యాటక శాఖవారి గదులు, ప్రైవేటు విడుదులు వున్నాయి. వలమూరు వద్ద అటవీశాఖ ప్రోత్సాహంతో గిరిజనుల వనసంరక్షణ సమితి నడిపే విడిది వుంది. వాలి సుగ్రీవులు పోరాడిన చోటు ఇదేనని అక్కడివారు చెబుతారు. వారాంతాల్లో ముందుగా చెప్పుకోని వారికి గది దొరకడం కష్టం.

నలుగురు మిత్రుల ముచ్చట

ఇటీవల ఇలా వచ్చిన నలుగురు మిత్రుల వెంట ఈ విలేకరి రెండు రోజులు గడపడం జరిగింది. నలుగురూ ఒకే గిరిజన సంక్షేమ హాస్టలు నీడన చదువుకున్న వారితో కలిసి ఇంటర్ పూర్తి చేసిన వారే. ఒకరు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగి. ఒకరు రాజమండ్రిలో ఎరువుల వ్యాపారి. మరొకరు బస్సు కండక్టరు. నాలుగో ఆయన చింతూరు మండలంలో శబరి ఒడ్డున వున్న ఒక కోయ గూడెంలో పుట్టి, ఆ చుట్టుపక్కలే పంతులుగా పనిచేస్తున్నారు. తమ పేర్లు వేయవద్దని వారు కోరారు.

ఇరవై ఏళ్ళ తర్వాత నలుగురూ ఒకచోట కలిశారు. గది అద్దె కంప్యూటరు మిత్రుడే కట్టాడు. వెదురు తడికల గోడలు, లోపల మెత్తటి పరుపు, వేడినీళ్ళు, వాకిట్లో నెగడు. చీకటి పడ్డాక దీపాలు తగ్గించి, "అడవి చప్పుడు వినండి సార్" అని అక్కడి కుర్రవాడు చెప్పిపోయాడు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పంతులుగారు మాత్రం నవ్వు ఆపుకోలేకపోయారు.

"ఒరేయ్, మా గూడెంలో చీకటి ఊరికే ఇస్తార్రా. చీమిడి పురుగుల పాట కూడా ఊరికే. ఇక్కడ దానికి రాత్రికింత అని కడుతున్నాం" అన్నారు.

"మీ గూడెంలో పరుపు లేదు కదరా" అన్నాడు వ్యాపారి.

"పరుపు లేదు. నులకమంచం వుంది. రేపు చూద్దువుగాని" అన్నారు పంతులుగారు.

అతిథులు కోరి వచ్చేది ఏమిటో ఈ మాటల్లోనే వుంది. పట్నంలో దొరకనిది చీకటి, చల్లగాలి, పక్కన చిన్ననాటి నేస్తం. సెల్‌ఫోనుకు సిగ్నలు సరిగా అందకపోవడం కూడా ఒక రకంగా మేలే చేస్తున్నది. హైదరాబాదు మిత్రుడు మొదటి గంటలో పదిసార్లు ఫోను చూసుకున్నాడు. రెండో రోజుకు దాన్ని సంచిలో పడేశాడు.

నూనె లేని కూర

రాత్రి భోజనంలో బొంగు కోడి వడ్డించారు. చేసే విధానం చూడముచ్చటగా వుంటుంది. ఒకవైపు గణుపు వున్న పచ్చి వెదురు బొంగు తీసుకుంటారు. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన కోడిమాంసాన్ని అందులో కూరి, మూతికి ఆకులు బిగిస్తారు. నిప్పుల మీద బొంగును తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క వెయ్యరు. పచ్చి వెదురులో వున్న తేమకే మాంసం ఆవిరిపట్టి మగ్గుతుంది. పైన బొంగు నల్లబడితే లోపల కూర సిద్ధమైనట్టు.

వేటకు, కొండపోడుకు వెళ్ళినప్పుడు గిన్నె మోసుకుపోయే పని లేకుండా మన్యంవాసులు చేసుకున్న వంట ఇది. నేడు రోడ్డు పొడుగునా దుకాణాల్లో అమ్ముడవుతున్నది. దుకాణం నడుపుతున్న ఒక కొండరెడ్డి మహిళను కండక్టరు మిత్రుడు, "అక్కా, ఒక బొంగు ఎన్నిసార్లు వాడతారు?" అని అడిగాడు.

"ఒక్కసారేనయ్యా. కాలిపోయినాక ఇంకెక్కడిది? పెద్ద సెలవులొస్తే మోపులకు మోపులు కావాలి. దగ్గర కొండల్లో దొరకట్లేదు, దూరం పోవాలి" అని ఆమె చెప్పింది.

గిరాకీ పెరిగితే వెదురుకు కరువు వస్తుందన్న మాట. 2006 నాటి అటవీ హక్కుల చట్టంలో వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా పేర్కొన్నారు. దాన్ని సేకరించి అమ్ముకునే హక్కుతో పాటు అడవిని కాపాడుకునే అధికారం కూడా ఆ చట్టం గ్రామసభకు ఇచ్చింది. ఏ కొండలో ఏ ఏడు నరకాలో, ఏ కొండకు విశ్రాంతి ఇవ్వాలో గ్రామసభలో కూర్చుని నిర్ణయించుకుంటే గిరాకీ, వెదురు రెండూ నిలుస్తాయి.

నీళ్ళ రంగు మారితే ఒడ్డెక్కాలి

మరునాడు మిత్రులు జలపాతం చూడ్డానికి బయలుదేరారు. మారేడుమిల్లి చుట్టుపక్కల జలతరంగిణి, అమృతధార వున్నాయి. చింతూరు మండలంలో మోతుగూడెం దగ్గర పొల్లూరు జలపాతం వుంది. అక్కడికి దగ్గరలోనే దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం. ఒక్కొక్కటి 115 మెగావాట్ల చొప్పున నాలుగు యంత్రాలతో 1970ల చివర్లో 460 మెగావాట్ల సామర్థ్యానికి చేరిన కేంద్రమది.

నీళ్ళు చూడగానే వ్యాపారి మిత్రుడు చొక్కా విప్పేశాడు. వెంట వచ్చిన గూడెం కుర్రవాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు బాబాయ్. పైన కొండమీద మబ్బు చూడు."

"ఇక్కడ ఎండ కాస్తోంది కదరా" అన్నాడు వ్యాపారి.

"ఇక్కడ కాదు బాబాయ్, వాన పడేది అక్కడ."

నలుగురూ అయిష్టంగా ఒడ్డునే కూర్చున్నారు. అరగంట గడిచిందో లేదో, తేటగా వున్న నీళ్ళు ఎర్రబడ్డాయి. ఎండుటాకులు, పుల్లలు కొట్టుకొచ్చాయి. నీటి హోరు మారింది. వ్యాపారి దిగుదామనుకున్న బండ కళ్ళముందే మునిగిపోయింది. అప్పటిదాకా నవ్వుతున్న నలుగురికీ నోట మాట రాలేదు.

ఇది భయపెట్టడానికి చెబుతున్న కథ కాదు. 2024 సెప్టెంబరులో ఏలూరు నుంచి విహారయాత్రకు వచ్చిన వైద్య విద్యార్థులు జలతరంగిణి వద్ద ఇలాగే వాగు ఉధృతికి చిక్కుకున్నారు. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. వారు కూడా స్నేహితులే. ఒక్క రోజు సరదాగా గడిపి వెళదామని వచ్చినవారే.

కొండవాగు గురించి గూడెంలో పసిపిల్లవాడికి తెలిసినది పట్నంలో చదువుకున్నవారికి తెలియదు. అది వారి తప్పు కాదు. చెప్పేవారు లేకపోవడమే తప్పు. నీళ్ళ రంగు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా వెంటనే ఒడ్డెక్కాలి. పైన కొండమీద మబ్బు పడితే ఇక్కడ ఎండ వున్నా దిగరాదు. మద్యం సేవించి వాగు దరికి పోరాదు. ఈ నాలుగు మాటలు తెలుగులోనూ ఇతర భాషల్లోనూ రాసిన బోర్డు ప్రతి జలపాతం దగ్గరా వుండాలి. బోర్డుతో పాటు ఒక మనిషి కూడా వుండాలి. ఆ మనిషి ఆ గూడెం యువకుడే అయితే అతనికి జీతం దొరుకుతుంది, అతిథికి ప్రాణం దక్కుతుంది.

ఆ సాయంత్రం వ్యాపారి మిత్రుడు కుర్రవాడి చేతిలో డబ్బు పెట్టబోతే అతను మొదట పుచ్చుకోలేదు. "నువ్వు చేసిన పనికి కూలీ ఇది, దానం కాదు" అని పంతులుగారు చెప్పాక తీసుకున్నాడు.

గోదావరి, ఘాట్ రోడ్డు

నీటి పాఠం మన ప్రాంతానికి కొత్తది కాదు. పాపికొండల యాత్రలో 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పర్యాటక బోటు మునిగింది. అందులో వున్న 77 మందిలో 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. అంతకు ముందు గోదావరి ఇసుక తిన్నెలమీద వెదురు గుడిసెల్లో రాత్రి బస చేసి, తెల్లవారుజామున పాపికొండల మీద సూర్యోదయం చూసి పోయేందుకు ఎక్కడెక్కడి స్నేహబృందాలో వచ్చేవి. ఆ ప్రమాదంతో బోట్లు నిలిచిపోయాయి. వంట చేసేవారు, గుడిసెలు కట్టేవారు, వెదురు బొమ్మలు అమ్ముకునేవారు ఒక్కసారిగా పని కోల్పోయారు. 2021లో బోట్లు తిరిగి కదిలాయి. ఒక్క బోటు నిర్లక్ష్యం నది రెండు ఒడ్డులనూ పస్తుపెట్టగలదని దీనివల్ల తేలింది.

ఘాట్ రోడ్డు సంగతీ అంతే. 2019 అక్టోబరులో భద్రాచలం నుంచి అన్నవరం వెళుతున్న కర్ణాటక యాత్రికుల వాహనం మారేడుమిల్లి, చింతూరు నడుమ లోయలో పడి పలువురు మరణించారు. ఈ మలుపులు తెలియని డ్రైవర్లు రాత్రిపూట, మంచు వేళల్లో బండి తోలకపోవడం మంచిది. మధురపూడిలో సాయంత్రం విమానం దిగినవారు ఆ రాత్రికి రాజమండ్రిలోనో, గోకవరంలోనో ఆగి తెల్లవారి కొండ ఎక్కితే ఏమీ నష్టం లేదు. దోమతెర మరవరాదు. మన్యంలో మలేరియా ఇంకా వున్నది.

విడిది ఎవరిది? భూమి ఎవరిది?

అతిథులు పెరిగిన కొద్దీ రోడ్డు పక్క జాగాల మీద అందరి కన్నూ పడుతున్నది. కాబట్టి పాఠకులు ఒక విషయం గుర్తుపెట్టుకోవడం అవసరం.

మనది షెడ్యూల్డు ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను సవరిస్తూ 1970లో వచ్చిన ఒకటో నిబంధన, అంటే మనం వాడుకలో చెప్పుకునే వన్ ఆఫ్ సెవెంటీ, గిరిజనేతరులకు ఇక్కడి భూమి బదలాయించడాన్ని నిషేధించింది. బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు. కౌలు, లీజు, తాకట్టు, దానం, మార్పిడి కూడా అందులోకే వస్తాయి. "అమ్మడం లేదు కదా, పదేళ్ళకు లీజే కదా" అని ఎవరైనా నచ్చజెప్పితే నమ్మరాదు. గిరిజనుడి పేరు ముందు పెట్టి వెనుక మరొకరు పెట్టుబడి పెట్టే పద్ధతి కూడా చట్టానికి విరుద్ధమే. ఇలాంటివి జరిగితే స్పెషల్ డిప్యూటీ కలెక్టరుకు ఫిర్యాదు చేసుకోవచ్చు. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసి, షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని తీర్పు చెప్పింది. భూమి అన్యాక్రాంతం కాకుండా చూసే అధికారాన్ని 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు కల్పించింది.

అంటే విడుదులు వద్దని కాదు. విడిది గిరిజనులదే కావాలి. వలమూరు వంటి సమితులు, మహిళా సంఘాలు ఈ పని చేయగలవు. నాలుగు శుభ్రమైన గదులు, మరుగుదొడ్డి, కాచిన మంచినీళ్ళు, వేళకు భోజనం. పట్నం మిత్రులు అడిగేది ఇంతకంటె ఎక్కువ లేదు. తేనె, కొండచీపుర్లు, చింతపండు అతిథి చేతికే అమ్మితే దళారీ బెడద వుండదు. గదికి కట్టిన డబ్బు కొండ దిగిపోకుండా కొండమీదే ఆగుతుంది.

అతిథులకూ ఒక మనవి వుంది. ప్లాస్టిక్ సీసాలు, సంచులు అడవిలో పారవేయవద్దు. ఇంటి ముందు కూర్చున్న ఆడవారిని, పిల్లలను అడగకుండా ఫోటోలు తీయవద్దు. గూడెం జంతుప్రదర్శనశాల కాదు.

శబరి ఒడ్డున నులకమంచం

రెండో రోజు సాయంత్రం పంతులుగారు తమ మిత్రులను సొంత ఊరికి తీసుకువెళ్ళారు. ఘాట్ దిగాక శబరి కనిపించింది. తల్లి జొన్నజావ, ఎండుచేపల పులుసు పెట్టింది. చెప్పినట్టే నులకమంచాలు వాకిట్లో వేసి వున్నాయి.

ఇంటి గోడమీద రెండు గీతలు వున్నాయి. ఒకటి పాతది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చినప్పుడు శబరి వెనక్కి తన్ని ఊళ్ళోకి వచ్చిన నీటి గుర్తు. పాత గోడ కూలితే తండ్రి కొత్త గోడమీద అదే ఎత్తున మళ్ళీ గీశాడట. రెండోది 2022 జులైలో 71.3 అడుగుల వరదది. "ఆ ఏడు పుస్తకాలు, బియ్యం, కోళ్ళు అన్నీ పోయాయి. కొండమీద పట్టా కప్పుకుని రోజులు లెక్కపెట్టుకున్నాం" అని పంతులుగారు చెప్పారు.

ఈ ఊరు పోలవరం ముంపు జాబితాలో వుంది. మొదటి దశ 41.15 మీటర్లు, పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. ఈ రెండు అంకెలూ శబరి ఒడ్డున చదువురాని ముసలివారికి కూడా కంఠస్థం. ఏ దశలో ఎవరి ఇల్లు, పరిహారం ఎప్పుడు, కాలనీ ఎక్కడ అన్నదే ఇక్కడి పొద్దస్తమానపు మాట. చింతూరు ఉన్నచోటే వుంది గానీ జిల్లాలు మారుతూ వచ్చాయి. 1959లో తూర్పుగోదావరి నుంచి ఖమ్మానికి, 2014లో ముంపు మండలాలతో పాటు తిరిగి తూర్పుగోదావరికి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు మారింది. జిల్లా మారినా ఊరు ఊరే. నీళ్ళు నిలిస్తే మాత్రం ఊరే వుండదు.

ఇరవై ఏళ్ళుగా కలుద్దాం కలుద్దాం అనుకుంటున్న మిత్రులు ఈ ఏడే ఎందుకు కలిశారో అప్పుడు తెలిసింది. పంతులుగారే రాసి పిలిపించారు. "ఇల్లు వుండగా ఒక్కసారి వచ్చి పడుకుని పోండిరా" అని.

ఆ రాత్రి మారేడుమిల్లిలో కట్టిన గది ఖాళీగానే వుంది. నలుగురూ శబరి ఒడ్డున వాకిట్లోనే నిద్రపోయారు. తెల్లవారి బయలుదేరేటప్పుడు హైదరాబాదు మిత్రుడు ముసలమ్మ కాళ్ళకు నమస్కరించి, "మళ్ళీ వస్తాం అవ్వా" అన్నాడు.

"రా నాయనా. మేం ఎక్కడుంటే అక్కడికి రా. అక్కడ ఏరు వుండదేమో. మంచం మాత్రం తీసుకుపోతాం" అని ఆమె అంది.

మన కొండలకు అతిథులు రావలసిందే. వారు హాయిగా వుండవలసిందే. అందుకు కావలసిన బోర్డులు, కాపలా మనుషులు, క్షేమమైన రోడ్డు, గిరిజన సంఘాలకు విడిది కట్టుకునేందుకు రుణాలు సమకూర్చడం అధికారుల బాధ్యత. అంతకంటె ముందు, తరతరాలుగా వచ్చినవారికి మంచం వేసిన కుటుంబాలకు నీడ చూపించకుండా నీరు నిలపరాదని శబరి ఒడ్డు ప్రజలు కోరుతున్నారు.